నరహరి ప్రసంగం

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయినందువల్ల ఆ రోజు సంధ్యారాణి ప్రసంగం అందరికీ స్పష్టంగా వినిపించింది.

ఆ ఊళ్ళోనే మగ్గాల కార్మికులుండే లింబాయత్‌లోని ఒంటిగది ఇంట్లో కూర్చుని, మగ్గం పని చేసే భర్త నరహరి ఫోన్‌లో ఆన్‌లైన్ సదస్సుకు హాజరైంది. నెట్ సరిపోదని కెమెరా ఆన్ చేయలేదు. ఒక ఫ్రెంచి అస్తిత్వవాద రచయిత్రి మీద వచ్చిన కొత్త పరిశోధనల గురించి మాట్లాడింది. ఆ రచయిత్రి తన సహచరుడికి శిష్యురాలు కాదని, అతని పేరిట చెలామణి అయిన ఆలోచనల్లో కొన్ని నిజానికి ఆవిడవేనని చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం సర్టిఫికెట్ వచ్చింది. ఫోన్‌లో ఉన్న పేరే అందులో పడింది. ప్రసంగించినవారు: నరహరి.

సంధ్యారాణి నిర్వాహకులకు ఫోన్ చేసింది.

“ఇంట్లోవాళ్ళ పేరే కదా మేడమ్, ఉండనివ్వండి” అన్నారు.

ఆమె ఫోన్ పెట్టేయగానే నరహరి మాస్కు కట్టుకుని వెళ్ళి, సర్టిఫికెట్‌ను గల్లీ అంతా చూపించి వచ్చాడు.

“సంధ్యా, నేనేం మాట్లాడిన్నని అందరడుగుతున్రు. జర చెప్పు.”

“ఆడామె చెప్పిన ముచ్చట్లు గిన్నేండ్లు మొగాయన పేరు మీద నడిచినయని.”

నరహరి సర్టిఫికెట్‌లో తన పేరు మరోసారి చదువుకున్నాడు.

“మంచిగనే చెప్పిన.”