పోటు వేళ పిలుపు

వరదల్లో మునిగే వీధులకు పటాలు గీసే వాలంటీర్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ల మహాసభను వచ్చే ఏడాది కాకినాడలో జరపమని అడగడానికి వరూధిని వీడియో సమావేశపు తెర ముందు కూర్చుంది. సభ వస్తే ఊరు ప్రపంచం కళ్లలో పడి, మునుగుతోందని దాన్ని ఖాళీ చేయించాలన్న ప్రభుత్వ ఆలోచన ఆగుతుందని ఆమె ఆశ.

అప్పుడే సముద్రం పోటు మొదలై, నీళ్లు ఇంట్లోకి రాసాగాయి. రోజూ రెండు పూటలా వచ్చేదే కాబట్టి అత్త నాగరత్నం బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కించింది.

"కాళ్లు పైకెట్టుకోవే, నీళ్లొచ్చేత్తున్నాయ్."

తెర మాత్రం ఆ నీళ్లను చెరిపేసి పొడి గచ్చును చూపిస్తోంది. సభ కోసం పోటీ పడుతున్న మిగతా నగరాలన్నీ అలాగే పొడిగా కనిపించాయి.

"మీ వీధులు ఎలా ఉన్నాయి?" నైరోబీ నుంచి సభాపెద్ద అడిగిన మాట అనువాదమై చెవిలో తెలుగులో వినిపించింది.

 వరూధిని ఉండబట్టలేక, నీళ్లను దాచే తెర ముసుగు తీసేసింది. అప్పటికే మోకాలి లోతుకు చేరిన నీళ్లలో, చీర ఎగదోపుకున్న అత్త అందరికీ కనిపించింది.

"ఇలా ఉన్నాయండి. పటాలు గీసేవాళ్లు మునిగిన ఊళ్లో ఓ వారం బతికి చూడాలి కదండీ! మేడల మీద పడకలేస్తాం, రండి."

 తెర మీద ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. కాకినాడ గెలిచింది; నాలుగు వందల మంది వస్తారని సభాపెద్ద చెప్పారు.

"నాలుగొందల మందా!" నాగరత్నం బుగ్గలు నొక్కుకుంది. "మనకి మేడేదే?"

వరూధినికి అప్పుడు పట్టుకుంది భయం. పోటు తీసేదాకా ఆగలేక నీళ్లలోకి దిగి, పడకలకు చోటడగడానికి వీధిలో మొదటి మేడ ఇంటి తలుపు తట్టింది.