గురువారం ఓపీ

"మొన్న కూడ నిద్రల లేచి కూసున్నది సార్. పిలిస్తే పలుకలె" అంది చిలుకమ్మ.

డాక్టరు రాసుకున్నాడు. స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న రాజేశ్వరి అత్త వంక చూసింది. లేచి కూర్చున్నట్టు తనకు గుర్తులేదు. ఈ మధ్య తనకేం గుర్తుంటోంది గనక! తన సంగతులన్నీ అత్తే గుర్తుపెట్టుకుంటోంది.

రాజేశ్వరికి పదహారేళ్ళు. రఘునాథపల్లిలో తొమ్మిదో తరగతి చదువుతుంటే బడి మాన్పించి, వరంగల్ మిర్చి అడ్తి దుకాణం వాళ్ళబ్బాయి సారంగపాణికిచ్చి పెళ్ళి చేశారు. అది ఎనభై మూడో సంవత్సరం. కాపురానికొచ్చిన రెండో నెలలో తల్లి పాము కరిచి పోయింది. కబురు అంది, బస్సు దొరికి, రాజేశ్వరి వెళ్ళేసరికి బూడిదే మిగిలింది.

తిరిగొచ్చాక మాట తగ్గిపోయింది. అన్నం ముందు పెడితే చూస్తూ కూర్చునేది. స్నానం చెయ్యమంటే చెంబు పట్టుకుని గంటసేపు నిలబడేది. సారంగపాణి విసుక్కుని పడక దుకాణానికి మార్చాడు.

గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. తండ్రి రాజమల్లు వచ్చి, మంత్రగాడి దగ్గరికి తోలుకుపోతానన్నాడు. చిలుకమ్మ గడప దాటనివ్వలేదు.

"మంత్రాలకు చింతకాయలు రాల్తయా అన్నా? పెద్ద దవాఖానల డాక్టర్లున్నరు. నా కోడల్ని నేను సూపిచ్చుకుంట. నువ్వేం ఫికర్ చెయ్యకు."

రాజమల్లు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అత్తంటే చిలుకమ్మేనని బజారు బజారంతా చెప్పుకుంది.

పిల్లల మనసు జబ్బులు గురువారం చూస్తారు. ప్రతి గురువారం పొద్దున్నే అత్తా కోడళ్ళు రిక్షా ఎక్కేవాళ్ళు. వరండాలో పెద్ద వరస. గోడకు తల బాదుకునే ఆరేళ్ళ పిల్ల ఒకతి. జుట్టంతా పీక్కున్న పిల్ల ఇంకొకతి. వాళ్ళ తల్లులు తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చునేవారు.

చిలుకమ్మ అలా కాదు. ఎవరు కనిపించినా తనే పలకరించేది.

"మా కోడలు. మతి సక్కగ లేదు. సూపిస్తానం."

నా గురించి సిగ్గుపడని మనిషి ఈ లోకంలో ఈమె ఒక్కతే అనుకునేది రాజేశ్వరి.

"పదిహేనేళ్ళకే పెళ్ళి చేశారా?" అని మొదటిరోజు డాక్టరు ముఖం చిట్లించాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు. వారం వారం తల్లి గురించి అడిగేవాడు. ఏం వండేది, ఎలా కోప్పడేది అని. నాలుగో గురువారం రాజేశ్వరి బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

మాత్రలు తగ్గించాడు డాక్టరు.

"రోగం పేరు పూరాగ రాయున్రి సార్" అంది చిలుకమ్మ.

"పేరెందుకమ్మా, తగ్గుతోందిగా."

"అట్లగాదు సార్. పేరు, తారీకు, ముద్ర అన్ని ఉండాలె. రేపు ఇంకో డాక్టరుకు సూపియ్యాల్నన్నా అక్కెరకస్తయి."

ఇంత శ్రద్ధ ఉన్న మనుషులు అరుదని ఆయన నర్సుతో అన్నాడు.

అయిదో నెలలో చిలుకమ్మ ఇంకో మాట చెప్పింది. "మొన్న కత్తిపీట ఎత్తి నా మీదికొచ్చింది సార్."

డాక్టరు రాజేశ్వరిని చాలాసేపు చూసి, ఏదో రాసుకున్నాడు. రిక్షా ఎక్కగానే రాజేశ్వరి అడిగింది.

"అత్తమ్మా, నేను నిజంగ కత్తిపీట ఎత్తిన్నా?"

"ఎత్తినవు బిడ్డా. నీకు యాదికుండది. నేను మనసుల పెట్టుకోను తియ్యి."

రాజేశ్వరి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఇల్లు వచ్చేదాకా వదల్లేదు. ఆ రోజు నుంచి వంటింట్లోకి వెళ్ళాలంటే తన చేతుల్ని చూసుకునే తనకు భయం వేసేది. అయినా తింటోంది, నిద్రపోతోంది, పక్కింటి పిల్లలకు లెక్కలు చెబుతోంది.

ఆరో నెల చివరి గురువారం డాక్టరు కాగితాలు మూశాడు.

"మందులు ఆపేద్దాం. ఇక రానక్కర్లేదు. వీలైతే ఈ అమ్మాయిని మళ్ళీ బడికి పంపండి."

రాజేశ్వరి నవ్వింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదలు.

చిలుకమ్మ మాత్రం లేవలేదు. "మళ్ల తిరగబెట్టదని రాసిస్తరా సార్?"

"అలా ఎవరూ రాసివ్వలేరమ్మా."

"అట్లనా. సరే సార్" అని లేచింది.

రిక్షా ఇంటివైపు కాక హన్మకొండవైపు తిరిగింది. జర పనున్నదంది అత్త. రాజేశ్వరి రెట్టించలేదు. ఇంటికెళ్ళాక అమ్మ చేసినట్టు బీరకాయ కూర చెయ్యాలి. కత్తిపీట ముట్టుకోవచ్చా అని అత్తను అడగాలి. మళ్ళీ తొమ్మిదో తరగతి చదవాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో అదీ అడగాలి.

ఒక పెంకుటింటి ముందు దిగారు. ఆమెను అరుగు మీద కూర్చోమని చిలుకమ్మ లోపలికి వెళ్ళింది. గోడకు బోర్డేదో ఉందిగానీ ఇంగ్లీషులో ఉంది, అక్షరాలు కూడబలుక్కున్నా అర్థం తెలియలేదు. బడి పంతులు ఇల్లేమో! డాక్టరు అన్న గంటకే అత్త బడి సంగతి కనుక్కోవడానికి వచ్చిందా? రాజేశ్వరికి గుండె నిండిపోయింది. జడ సరిచేసుకుంది, కొంగు సర్దుకుంది, పిలిస్తే ఏ క్లాసని చెప్పాలో మనసులో అనుకుంది.

కిటికీ పరదా వెనక నుంచి అత్త గొంతు స్పష్టంగా వినపడింది.

"మీరు చెప్పినట్టే ఆర్నెల్లు దవాఖానకు తిప్పిన వకీల్ సాబ్, ఇగ పిచ్చిదని కోర్టుల కాయితమేసి నా కొడుక్కు దీన్ని వదిలిపియ్యున్రి."