రెండు బొమ్మల బిళ్ళ

కానుకల సంచిని బల్ల మీద బోర్లించగానే సుకుమార్ కన్ను ఆ అయిదు రూపాయల బిళ్ళ మీద పడింది. పాతకాలపు మందపాటి బిళ్ళ. పైన మూడు సింహాల బొమ్మ. తిప్పి చూశాడు. అటూ సింహాల బొమ్మే! అయిదు అంకె ఎక్కడా లేదు.

ఒళ్ళు ఝల్లుమంది.

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊరి చర్చికి సుకుమార్ కోశాధికారి. వారమంతా బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద జకర్యాతో కూర్చుని కానుకలు లెక్కపెడతాడు. ఈ పనికి తనూ జైరామూ పోటీపడితే దేవుడు తననే ఎన్నుకున్నాడని కనబడినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

ఇలాంటి బిళ్ళల గురించి అతను ఫోన్లో చూడని వీడియో లేదు. టంకశాలలో అచ్చు తప్పు పడిన నాణెం దొరికితే లక్షలు పోసి కొనుక్కునేవాళ్ళు ఉన్నారట.

ఎదురుగా జకర్యా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆ సందులో సుకుమార్ బిళ్ళను జేబులోకి జార్చేశాడు. తన దగ్గరున్న మంచి అయిదు బిళ్ళ ఒకటి కుప్పలో వేశాడు. అయిదుకు అయిదు పెట్టాక ఇంక దొంగతనం ఎక్కడిదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

“ఏంది అల్లుడా, గన్ని చెమటలు పడుతున్నయ్?” అన్నాడు జకర్యా.

“ఉక్కపోత మామా. జర ఫ్యానెయ్యి.”

“ఫ్యాను తిరుగుతనే ఉంది గదనయ్యా!”

ఇంటికి వెళ్ళి భార్య హెప్సిబాకు చూపిస్తే ఆమె గుండెలు బాదుకుంది. “దేవుని సొమ్ము! గిదేం పనయ్యా?”

“అమ్ముడుపోనీ. దశమభాగం దేవునికే ఇస్తా.”

“మిగిలింది?”

“మిగిలింది దేవుడు మనకిచ్చిండనుకో.”

షాపు షట్టరు సగం దించుకుని భూతద్దం పట్టాడు. ఎవరైనా ఆకురాయితో గీకి చెడగొట్టిన బిళ్ళయితే చిల్లిగవ్వ రాదని వీడియోల్లో చెప్పారు. గీకిన జాడ లేదు. సుత్తి దెబ్బ లేదు. రెండు వైపులా సింహాలు ఒక్క తీరుగా అరిగి, చేతులు మారీ మారీ నునుపెక్కాయి. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. అచ్చంగా టంకశాల తప్పేనని తీర్పు చెప్పేసుకుని, మర్నాడు పొద్దున్నే ఖమ్మం బస్సెక్కాడు.

ఖమ్మంలో పాత నాణేల వ్యాపారి తిరుపతి మొదట మామూలు అయిదు బిళ్ళ ఒకటి అద్దం బల్ల మీద పడేశాడు. ఖంగుమంది. తర్వాత సుకుమార్ తెచ్చింది పడేశాడు. టప్ మంది.

సుకుమార్ గుండె కూడా అలాగే అంది.

“అన్నా, టంకశాలల తప్పు పడితే బిళ్ళ ఒక్కటే ముక్క ఉంటది,” అన్నాడు తిరుపతి, లెన్సు అందిస్తూ. “గిది రెండు ముక్కలు. అంచు లోపల ఎంట్రుకంత గీత కనబడుతుందా? ఒక బిళ్ళను గిన్నె లెక్క తొలిచి, ఇంకోటి అరగదీసి అండ్ల కూసోబెట్టిండ్రు. గారడోళ్ళు చేయించుకుంటరు.”

“మరి ఎంతకు పోతది?”

“చాయ్ కూడా రాదు. ఎవరిచ్చిండ్రే నీకు గిది?”

“దేవుడు,” అన్నాడు సుకుమార్ నోరు జారి.

తిరుపతి అతన్ని ఎగాదిగా చూసి బిళ్ళ చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో సుకుమార్ కుతకుత ఉడికిపోయాడు. దేవుని సంచిలో దొంగ బిళ్ళ వేసే పాపాత్ములు కూడా తమ సంఘంలో ఉన్నారా! బస్సు కిరాయి ఎలాగూ పోయింది. కనీసం తన మంచి అయిదు రూపాయలైనా వెనక్కి తెచ్చుకోవాలి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. జకర్యా సంచి బోర్లిస్తుంటే సుకుమార్ రెండు బొమ్మల బిళ్ళను కుప్పలోకి తోసి, మంచి అయిదు బిళ్ళ ఒకటి అరచేతిలో దాచుకున్నాడు. అంతలోనే జకర్యా చెయ్యి సరిగ్గా ఆ బిళ్ళ మీదే ఆగింది. తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

దొరికిపోయాననుకున్నాడు సుకుమార్. అరచేతిలోని బిళ్ళ కనబడకుండా పిడికిలి బిగిస్తుండగా, ముసలాయన వచ్చి అతని చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

“నన్ను మన్నించు అల్లుడా. పోయిన వారం దీన్ని సంచిల ఏసింది నేనే. కుప్పల ఎంత ఎతికినా కనబడకపోతే దేవుడు తీస్కున్నడు, నా పాపం పోయిందని నిమ్మళమైన. చూడు, మళ్ళ నా ముందటికే పంపిండు!”

“నువ్వా? నువ్వేం పాపం చేసినవ్ మామా?”

“కోశాధికారి కోసం బొమ్మ పడితే నువ్వు, బొరుసు పడితే జైరాం అని ఆనాడు నేను ఎగరేసింది గీ బిళ్ళనే అల్లుడా... జైరాం చేతివాటం నాకు ఎరికే, కానుకల సంచి నీ అసొంటి నిజాయితీపరుని చేతిలనే ఉండాల్నని గంత మోసం చేసిన!”