ఆకుపచ్చ దారి

"తొమ్మిదో నంబర్, పెద్ద రోడ్డొద్దు. వంతెన దారిన రండి."

కంట్రోల్ రూంలో కూర్చుని బస్సులకు దారి చెప్పే ఆవిడకు రేడియోలో డ్రైవర్ గొంతు చిరాగ్గా వినిపించింది. ఆ డ్రైవర్ ఆవిడ మొగుడే. "ఇంత వానలో వంతెనేంటే? ఏరు పొంగుతోందంటున్నారు."

"నా తెర మీద పెద్ద రోడ్డంతా ఎరుపు, వంతెన దారి పచ్చగా ఉంది. డ్యూటీలో నేను చెప్పిందే వినాలి!"

"సర్లే తల్లీ. ఇంట్లో మాత్రం వినక చస్తున్నానా!"

పక్క సీటాయన ముసిముసిగా నవ్వాడు. ఊళ్లో బస్సులన్నీ వాళ్ల తెర మీద చుక్కలు. ఒక్కో బస్సులో ఒక్కో పెట్టె. అది నిమిషానికోసారి తానెక్కడున్నదీ కబురు పంపుతుంది, ఆ కబురు అందిన సమయం చుక్క పక్కన పడుతుంది. బస్సు ఆగినా కబుర్లు ఆగవు. మొన్న వాన నీళ్లు కారి ఒక పెట్టె చెడిపోతే, బస్సు షెడ్డుకు చేరినా చుక్క మాత్రం, పక్కన సమయంతో సహా, సంత దగ్గరే నిలబడింది. డ్రైవర్ టీ తాగుతూ కూర్చున్నాడనుకుని ఆవిడ అరగంట తిట్టిపోసింది.

ఫోన్ మోగింది. ఎత్తిన పక్క సీటాయన మొహం పాలిపోయింది.

"అమ్మా, వంతెన మీదికి నీళ్లొచ్చేశాయట! అందుకే అటు ఒక్క బండీ పోవట్లేదట."

ఆవిడ తెర వైపు తిరిగింది. బండ్లే లేని దారికి రద్దీ ఎక్కడిది? రద్దీ లేదు గనుకే యంత్రం పచ్చరంగు పూసింది. ఆ రంగును నమ్మి మొగుణ్ణీ, ముప్పైమంది జనాన్నీ తనే ఏటికి ఎదురు తోలింది.

"తొమ్మిదో నంబర్, ఆపండి! ఏవండీ, మీకు దణ్ణం పెడతా, ఆపండి!"

గరగర తప్ప జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చుక్క నిమిషానికో గెంతు వేస్తూ వంతెన వైపే పోతోంది.

"నా చేతులారా చంపుకుంటున్నాను," అని ఆవిడ తల బాదుకుంది.

వంతెనకు ముందు మలుపు దగ్గర చుక్క ఆగింది. రెండు నిమిషాలు గడిచాయి. ఐదు గడిచాయి. కదల్లేదు.

"ఆపేశాడమ్మా మీ ఆయన!" అని పక్క సీటాయన బల్ల చరిచాడు.

ఆవిడ భోరున ఏడ్చింది. "మొండిఘటం! నా మాట వినకుండా ఆగాడు. ఇంకెప్పుడూ ఆయన మాటకు ఎదురు చెప్పను." కళ్లు తుడుచుకుని, చుక్కను వేలితో నిమరబోతూ తెరకు దగ్గరగా వంగింది.

చుక్క పక్కన సమయమూ ఐదు నిమిషాల కిందే ఆగిపోయి ఉంది.