ఇంకాస్త పొట్టిగా

"లే అక్కణ్ణించి! అది కస్టమర్ల కుర్చీ," అన్నాడు సెలూన్ ఆయన, తను కట్టుకున్న పెళ్ళాం వచ్చి అద్దం ముందు దర్జాగా కూర్చోవడం చూసి.

"నేనూ కస్టమర్నే. జుట్టు కత్తిరించండి," అంది ఆవిడ.

అప్పుడే క్రాఫు చేయించుకుని, మెడ దులుపుకుంటున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. "కత్తిరించవయ్యా. ఇంట్లో ఆవిడ మాట వినకపోయినా, షాపులో కస్టమర్ మాట వినక తప్పదు," అని చెప్పులేసుకుని బయటపడ్డాడు. మధ్యాహ్నం వేళ కావడంతో షాపులో ఇంకెవరూ లేరు.

నిజానికి ఆవిడ ఒళ్ళు మండే వచ్చింది. కొన్నాళ్ళుగా ఆయన ఇంట్లో నోరు విప్పడం లేదు. ఏమడిగినా "ఏం లేదు" అంటాడు. సగం తిని కంచం ముందునుంచి లేచిపోతాడు. తలుపు టపామన్నా ఉలిక్కిపడతాడు. షాపులో మాత్రం కత్తెరతో పాటు నాలుకా ఆడుతుందట. దారిలో కనిపించిన ప్రతివాడూ "మీ ఆయన భలే కబుర్లపోగు!" అని మెచ్చుకునేవాడే. సాయంత్రం కత్తెరనీ నాలుకనీ ఒకే మేకుకి తగిలించి వస్తున్నాడని ఆవిడ అనుమానం. ఆ కోపమంతా పైపైదే. ఈ మనిషి తనకు కాకుండా పోతాడేమోనన్న భయం లోపల పీకుతూనే ఉంది.

"నడుం దాటిన జడ! ప్రాణంలా పెంచుకున్నావు. మతి ఉండే అంటున్నావా?"

"కస్టమర్ని పట్టుకుని నువ్వు, గివ్వు అంటావేమయ్యా? ఇదేనా మర్యాద?"

పెళ్ళయ్యాక మొగుణ్ణి 'ఏమయ్యా' అనడం అదే మొదలు. నాలుక కరుచుకోబోయి ఆగింది.

ఆయన మూతి మీద సన్నటి నవ్వొకటి వచ్చి పోయింది. తెల్లగుడ్డ దులిపి ఆవిడ మెడకు కట్టాడు. జడ విప్పి, నీళ్ళు చిలకరించి, దువ్వాడు.

"ఎంత తీయమంటారమ్మా?"

"కొంచెం."

చూడలేక ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవి పక్కనే కత్తెర టకటకలాడింది. ఆవిడ మనసు చివుక్కుమంది.

"ఏమయ్యా, ఇంట్లో అంతా కులాసాయేనా?"

"కులాసానేనమ్మా. మా ఆవిడ మహా ఇల్లాలు. ఆవిడ గురించి నాకే బెంగా లేదు."

"మరి దేని గురించి?"

కత్తెర ఆగిపోయింది. ఆవిడ కంగారుపడి, "ఇంకాస్త పొట్టిగా చెయ్యి," అంది గబుక్కున. కత్తెర మళ్ళీ కదిలింది. దాని వెనకే మాటా కదిలింది.

"ఎవరితోనూ అనకండేం? పొద్దున షట్టర్ ఎత్తగానే గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమటలు పట్టేస్తాయి. ఊపిరాడదు. ఎవరి చెవి కోసేస్తానో అని ఒకటే భయం."

"ఎప్పుడైనా కోశావా?"

"ఇందాక వెళ్ళిన పెద్దాయనకే ఒకసారి కాస్త గీసుకుంది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు, మళ్ళీ నా దగ్గరికే వస్తున్నాడు. మరిచిపోలేనిది నేనే. కబుర్లు చెబుతుంటే చెయ్యి వణక్కుండా ఉంటుందని పొద్దస్తమానం వాగుతుంటాను. ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపికుండదు."

"ఇంకా పొట్టిగా," అంది ఆవిడ. "మీ ఆవిడకి చెప్పొచ్చుగా?"

"చెబితే హడలిపోతుంది. నన్ను చూసుకునే ధైర్యంగా ఉంటుంది, పాపం."

"నాకు తెలిసిన ఒకావిడ ఉందిలే. మొగుడు మాట్లాడకపోతే, తనంటే మొహం మొత్తిందేమో అనుకుని వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. ఉన్నమాట చెప్పుంటే హడలిపోయేదేం కాదు. పక్కన కూర్చునేది."

వెనకాల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళమా? దీనికీ డాక్టర్లున్నారటగా," అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "మీ ఆవిణ్ణి తోడు తీసుకుని వెళ్ళు."

"పిచ్చెక్కిందంటారేమోనమ్మా నలుగురూ."

"అననీ! అన్నవాళ్ళంతా మళ్ళీ చెవులు తెచ్చి నీ చేతికేగా అప్పజెప్పాలి?"

ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"సరే, సెలవునాడు ఇద్దరం వెళతాం," అన్నాడు.

ఇక ఆయన ఆగలేదు. నిద్రపట్టకపోవడం, షాపు తీయకుండా ఎటైనా పోవాలనిపించడం, అన్నీ చెప్పుకొచ్చాడు. ఆయన తడబడినప్పుడల్లా ఆవిడ "పొట్టిగా, ఇంకా పొట్టిగా" అంటూనే ఉంది. తల తేలికైపోయినట్టే అనిపించింది. ఈపాటికి మెడ దాకా వచ్చేసుంటుంది. పోతే పోనీ, జుట్టేగా, మళ్ళీ పెరుగుతుంది, మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకుంది.

"అయిపోయిందమ్మా, చూసుకోండి."

ఆవిడ గుండె చిక్కబట్టుకుని ఒక కన్ను తెరిచింది. తరవాత రెండోది కూడా తెరిచింది. ఆయన ముందుకు వేసిన జుట్టు, తెల్లగుడ్డ మీదుగా ఒళ్ళో కుప్పగా పడి ఉంది, ఎప్పటంత పొడుగూ అలాగే ఉంది. కిందకి వంగి చూసింది. పెద్దాయన నెరిసిన వెంట్రుకలు తప్ప నేల మీద ఒక్క నల్ల వెంట్రుకా లేదు.

"ఇదేమిటండీ! ఇంతసేపూ ఏం కత్తిరించారు మరి?"

"గాలిని," అన్నాడాయన, మెడకు కట్టిన గుడ్డ విప్పుతూ. "నిజంగా కత్తిరించేస్తే, రేపు మళ్ళీ ఏ వంక పెట్టుకుని వస్తావు?"