రెండు పక్కల మట్టి

కెంపమ్మ ఆకుకూరల సొప్పు మడిని జేసీబీ పెట్టి చదును చేయించేస్తానని లేఅవుట్ సంఘం కార్యదర్శి చేతన్ పట్టుబట్టాడు. హెబ్బగోడి ఫ్యాక్టరీల మురుగు పక్కనే పారుతోందనీ, ఆ మట్టిలో పెరిగిన ఆకుకూర విషమేననీ అన్నాడు. కెంపమ్మ మడికి అడ్డంగా కూర్చుంది. ఆ ఖాళీ స్థలంలో తోటకూర, మెంతికూర వేసి ఇంటింటికీ అమ్ముకోవడమే ఆమె బతుకు. మురుగు చుక్క కూడా పెట్టలేదనీ, బోరు నీళ్లే మోసుకొచ్చి పోశాననీ చెప్పినా ఎవరూ వినలేదు.

తగువు తీర్చినవాడు అమరనాథ్. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మేష్టారు. ఒక డబ్బాలో సగం కెంపమ్మ మట్టి, సగం తన గులాబీల కింది మట్టి పోసి, నడుమ పది వానపాములను వదులుదామన్నాడు. రెండు రోజుల్లో అవి విషాన్ని వదిలి మంచి మట్టిలోకి పోతాయి. పోలేనివాటికి రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లి, చిన్న గాయమైనా మానదు.

"నీ మట్టిని వదిలి నా మట్టిలోకి వస్తే మడి ఖాళీ చేయాలి కెంపమ్మా," అన్నాడు, ఫలితం ముందే తెలిసినవాడిలా.

"అట్లే కానీ సారూ. నా మట్టి చెడ్డదైతే నేనే పీకేస్తా."

మూడో రోజు ఉదయం ఆమె ఆయన వరండాలో కూర్చుంది. చేతన్ గేటు బయట ఫోన్లో మాట్లాడుతున్నాడు. అమరనాథ్ డబ్బా నడుమ అట్టముక్క దించి, రెండు సగాలనూ రెండు పళ్లాల్లో కుమ్మరించాడు.

కెంపమ్మ మట్టిలో తొమ్మిది, తడితడిగా మెరుస్తూ. గులాబీల మట్టిలో ఒక్కటే. దాని ఒంటి మీద చిన్న పుండు, చుట్టూ పాలిపోయి మెత్తబడింది.

ఆయన మళ్లీ లెక్కపెట్టాడు.

"దీనికేం పోసినారు సారూ?" ఆమె గొంతు తగ్గించి అడిగింది.

చెదల మందు. పోయిన నెల గోడ చుట్టూ కొట్టించాడు. గులాబీలు ఆ గోడ పక్కనే ఉన్నాయి. ఇంటికి వేసిన మందనుకున్నాడే గానీ, నేలకు వేసిన మందని ఒక్కసారీ అనుకోలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠమే అది. ఆయన తల పైకి లేవలేదు.

కెంపమ్మ పుండు పడ్డ వానపామును వేలితో మెల్లగా ఎత్తి, నీళ్లు చిలకరించి, మిగతా తొమ్మిదింటితో కలిపి కొబ్బరి చిప్పలో వేసింది.

చేతన్ మెట్లెక్కి వచ్చాడు. జేసీబీ దారిలో ఉందన్నాడు. మేష్టారి మట్టి మీద తనకెలాగూ అనుమానం లేదని నవ్వాడు.

 

"బండిని వెనక్కి పంపించేయప్పా," అంది కెంపమ్మ, చిప్ప మీద చెయ్యి కప్పి. "సారు మట్టీ నా మట్టీ ఒకటే. చెరి అయిదుండాయి."