సముద్రం తప్పింది

“సముద్రానికి పరీక్షేంటండీ, నా మొహం! అదేమన్నా టెన్త్ చదువుతోందా?” అన్నాడు బుచ్చిరాజు.

పైకి నవ్వాడే గానీ, లోపల గుండె దడదడలాడుతోంది. గదిగదికీ కేబుల్ టీవీ పెట్టించి మరీ ఒడ్డున కాటేజీలు కట్టించాడాయె. నీళ్ళలో క్రిములున్నాయని తేలితే స్నానాలు బంద్, కాటేజీలకి తాళం. కాటేజీల మురుగు గొట్టం సముద్రంలో ఎక్కడ తేలుతుందో ఆయనకి తెలియనిదా!

నీటి పరీక్షల ఆఫీసరు లాజరు పంట్లాం మడిచి, నీళ్ళలోకి దిగి సీసా నింపుకున్నాడు.

“రూలండీ, ఏం చేస్తాం. జనం స్నానాలు చేసే చోటు కదండీ.”

“ఆయ్! సముద్రం ఎక్కడికీ పోదు గానీ, మా ఇంట్లో రొయ్యల ఇగురు చల్లారిపోద్దండీ. రండి, రండి.”

గోదావరి మర్యాద ముందు ఏ రూలు నిలబడింది గనక! బుచ్చిరాజు భార్య కామేశ్వరి కొసరి కొసరి వడ్డిస్తోంది, లాజరు వద్దు వద్దంటూనే లాగిస్తున్నాడు. ఆ సందట్లో బుచ్చిరాజు సీసా పట్టుకుని పెరట్లోకి జారుకున్నాడు. సముద్రాన్ని అరటిపాదులో పారబోశాడు. తనకి తెలిసిన నీళ్ళన్నిటిలోకీ స్వచ్ఛమైనవి సీసాలో పోశాడు. చప్పగా ఉంటే అనుమానం వస్తుందని కాస్త కల్లుప్పు కూడా వేసి గిలకరించాడు. సముద్రాన్ని తయారు చేయడం ఇంత తేలికా అని తన తెలివికి తనే మురిసిపోయాడు.

వారం తిరక్కుండా లాజరు మళ్ళీ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

“ఘోరమండీ రాజుగారూ! అవి నీళ్ళు కావండీ, పాయిఖానా కడుగు. అందులో గేదెని కూడా దింపకూడదని ల్యాబువాళ్ళు చెప్పేరు. కాటేజీలు మూసేయాలండీ.”

“అబద్ధం! ఆ నీళ్ళు...” అనబోయి బుచ్చిరాజు నాలిక్కరుచుకున్నాడు.

“ఎవడో పక్కనే పాయిఖానా గొయ్యి తవ్వించుంటాడండీ. వాడి దుంపతెగ!”

బుచ్చిరాజు చూపు పెరట్లో తను తవ్వించిన గొయ్యివైపు పోయింది.

“పాపం, ఎండన పడి వచ్చేరు. ముందు చల్లగా తాగండి అన్నయ్యగారూ” అంటూ కామేశ్వరి చెంబు అందించింది.

లాజరు గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

“మీ నూతి నీళ్ళు అమృతమండీ చెల్లెమ్మా! ఆ రోజు సీసాలో ఇవి పోసి పంపినా, సముద్రం ఫస్టు క్లాసులో పాసయ్యేది!”